సవరణ: రెండు కోర్లుంటే గిగాహెర్ట్జ్ రెట్టింపు కాదు

డ్యూయల్ కోర్ ప్రాసెసర్ (పని చేసే భాగాలు, అంటే కోర్లు, రెండు ఉన్న చిప్) మీద 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంటే రెండు కోర్లూ కలిపి 4.8 అన్నట్టే అని ఇంతకుముందు పోస్టులో రాశాను. అది తప్పు. తయారీదారులు ఇచ్చే స్పెసిఫికేషన్ల ప్రకారం ఆ అంకె ఒక్కో కోర్ వేగం, రెండూ కలిపి లెక్కేయకూడదు.

రెండో కోర్ ఉంటే ఒకేసారి రెండు పనులు నడుస్తాయి, అంతేగానీ ఒక్క పని సగం టైములో అయిపోదు. ఒకే థ్రెడ్‌తో, అంటే పనిని పంచకుండా ఒకే వరుసలో, నడిచే బరువైన ప్రోగ్రామ్ ఏదైనా పెట్టి విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరవండి. హైపర్ థ్రెడింగ్ (ఒక్క కోర్ రెండు కోర్లలా కనిపించే ఏర్పాటు) లేని డ్యూయల్ కోర్‌లో సీపీయూ (ప్రాసెసర్) వాడకం 50 శాతం దగ్గరే ఆగిపోతుంది. సగం ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది, పని మాత్రం నత్తనడకే! వీడియో ఎన్‌కోడింగ్ లాంటివి పనిని పంచుకోగలవు కాబట్టి వాటికి బాగా లాభం. పనిలో సగమే పంచడానికి వీలైతే, ఆమ్‌డాల్ సూత్రం (పంచలేని భాగం వల్ల వేగం ఎక్కడ ఆగుతుందో చెప్పే లెక్క) ప్రకారం రెండు కోర్లతో వచ్చే వేగం మహా అయితే 1.33 రెట్లు.

ఇంకోటి, వేర్వేరు తరాల ప్రాసెసర్లను గిగాహెర్ట్జ్ చూసి పోల్చడమూ కుదరదు. 2006లో వచ్చిన 2.4 గిగాహెర్ట్జ్ కోర్ 2 డ్యుయో, 3.8 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను చాలా ప్రోగ్రాముల్లో వెనక్కి నెట్టేసింది. ఒక్కో క్లాక్ సైకిల్‌లో (గిగాహెర్ట్జ్ లెక్కపెట్టే ఒక్కో టిక్‌లో) కోర్ 2 డ్యుయో చేసే పని ఎక్కువ మరి.

పాత పోస్టులో ఆ లైను మార్చాను.