మహారాజశ్రీ కట్టెబొగ్గు గారికి

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ ఇక్కడ కుశలంగా ఉన్నది మీరొక్కరే. నా కుడి కనుబొమ్మ సగమే మిగిలింది. నిన్న ఆదివారం సాయంత్రం అయిదింటి నుంచి తొమ్మిదింటి దాకా డాబా మీద మీకు చేసిన సేవ ఏ దేవుడికి చేసినా ప్రత్యక్షమై వరం ఇచ్చేవాడు.

రెండు కేజీల కోడి ముక్కలు పొద్దుటి నుంచి పెరుగులో, అల్లంవెల్లుల్లిలో నానుతున్నాయి. సెలవులకి వచ్చిన తోడల్లుడి కుటుంబం ప్లేట్లు పట్టుకుని కూర్చుంది. తమరి సంచి విప్పాను. పైన అరచేతంత ముక్కలు, అడుగున అంతా పొడి, మధ్యలో సగమే కాలిన తుమ్మ మొద్దు ఒకటి. కేజీ అరవై రూపాయల లెక్కన దాన్నీ తూచే ఇచ్చాడు కొట్టువాడు.

పేపరు కాలింది. అట్టపెట్టె కాలింది. కర్పూరం బిళ్ళలు పూజగదిలోవి కూడా కాలాయి. ఎప్పటిదో సీసా అడుగున మిగిలిన కిరసనాయిలు భగ్గుమని లేచి నా కనుబొమ్మ పట్టుకుపోయింది. కుంపట్లో తమరు మాత్రం పెళ్ళిచూపుల్లో పెద్దమనిషిలా కదలకుండా కూర్చున్నారు.

నా తోడల్లుడు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాడు. నేను విసనకర్రతో విసురుతుంటే అతను పాఠం మొదలుపెట్టాడు.

"మంటంటే కట్టెలోంచి వచ్చే ఆవిర్లు కాలడమే అన్నయ్యా. బట్టీలో గాలి తగలకుండా మట్టి కప్పి కాలుస్తారు కదా, ముందు నీరు పోతుంది, తర్వాత తారు, మిథనాల్, పుల్లటి ఎసిటిక్ ఆమ్లం, మండే వాయువులు అన్నీ పోతాయి. తూకంలో పావు వంతు మిగిలితే గొప్ప. అందుకే దీనికి మంట రాదు, ఎర్రబడుతుందంతే."

అదీ రావడం లేదన్నాను.

"ఒట్టి కార్బన్ అనుకుంటారు గానీ కాదు. మంచి బొగ్గులో నూటికి 75, 80 పాళ్ళు కార్బన్. మిగతాది కాస్త హైడ్రోజన్, ఆక్సిజన్, ఇంకా కాల్షియం, పొటాషియం లాంటివి. చివర్లో బూడిదయ్యేది ఈ కాల్షియం, పొటాషియం లాంటివే."

విసురుతూనే ఉన్నాను. ఒళ్ళంతా కంటికి కనపడని రంధ్రాలేనట తమరికి. గాలిలో తేమ ఎంతుంటే అంత పీల్చుకుంటారట. మొన్నటి అకాల వానలో కొట్టు అరుగు మీద తడిసి ఉంటారు, ఆ నీళ్ళు ఆవిరయ్యేదాకా వేడెక్కరట. అంటే అరవై రూపాయలకి నేను కొన్నదాంట్లో వాననీళ్ళు కూడా ఉన్నాయన్నమాట.

అంతటితో ఆపినా బాగుండేది. 1797లో స్మిత్సన్ టెన్నంట్ అనే ఇంగ్లీషాయన వజ్రాన్నీ బొగ్గునీ విడివిడిగా కాల్చి, రెండూ ఒకే పదార్థమని తేల్చాడని కూడా చెప్పాడు.

వజ్రం కాలిందా! కొల్లూరు గనుల్లో తవ్వితీస్తే రాజులు కొట్టుకు చచ్చిన వజ్రం, అంతటిది, మర్యాదగా కాలిపోయింది. గోనెసంచిలో వచ్చిన నువ్వు కాలవా? ఏం చూసుకుని నీకా పొగరు? ఇక 'మీరు' లేదు, 'తమరు' లేదు. నీకు నువ్వే ఎక్కువ.

పాత లెక్కలూ ఉన్నాయి. నా తెల్లచొక్కా జేబు మీద ఇస్త్రీపెట్టెలోంచి ఎగిరిపడి చేసిన చిల్లు నీదే. మా తాతకి పళ్ళు తోముకోవడానికి ఊరికే దొరికేదానివి, ఇప్పుడు ట్యూబులో దూరి నూట యాభై అడుగుతున్నావు. సింగరేణిలో ఉన్న మీ పెద్దన్నని రాక్షసి బొగ్గన్నారు మనవాళ్ళు. బిరుదు ఒకరిదైతే ఇంకొకరికిచ్చారు.

ఎనిమిదింటికి నాలుగు చినుకులు పడ్డాయి. మా ఆవిడ కుంపటి లోపలికి తెచ్చి తలుపేద్దామంది. అంతవరకు నవ్వుతున్న తోడల్లుడు గట్టిగా అరిచాడు, వద్దని. ఇక్కడ నాకూ నవ్వు రావడం లేదు. గాలి చాలకపోతే నువ్వు కార్బన్ మోనాక్సైడ్ వదులుతావు. దానికి రంగు లేదు, వాసన లేదు. చలికాలంలో తలుపులు మూసుకుని నిన్ను పక్కన పెట్టుకుని పడుకున్న ఇంటిల్లిపాదీ తెల్లారి లేవలేదన్న వార్త ఎన్నిసార్లు చదవలేదు? పొగైనా వచ్చి ఉంటే దగ్గి లేచేవాళ్ళు. సిగ్గులేదా నీకు?

చివరికి ఫోన్ చేసి బిర్యానీ తెప్పించుకున్నాం. తిని, వాళ్ళని పడుకోబెట్టి, పదిన్నరకి నిన్ను పారబోద్దామని పైకొచ్చాను. బూడిద కదిపితే కింద ఎర్రగా, నిండుగా, దానిమ్మగింజల్లా ఉన్నావు. నాలుగు గంటలు బతిమాలితే అంటుకోనిదానివి, నేను అటు తిరగ్గానే అంటుకున్నావు.

తిట్టుకుంటూ కిందికెళ్ళి ఫ్రిజ్‌లోంచి నాలుగు ముక్కలు తెచ్చాను. పొగ లేదు, మసి లేదు, ఒకే తీరు సెగ. కొవ్వు చుక్క నీ మీద పడి చుయ్యిమన్నప్పుడు లేచిన వాసన ఉంది చూడు, గ్యాస్ స్టవ్ ఏడు జన్మలెత్తినా దానివల్ల కాదు. చీకట్లో నిలబడి నాలుగూ ఒక్కడినే తిన్నాను. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

తర్వాత చెంబెడు నీళ్ళు పోస్తే బూడిదంతా లేచి నా మొహాన పడింది. అదీ నీ కృతజ్ఞత.

పారెయ్యడానికి మనసొప్పక మిగిలిన ముక్కలు ఏరి, అత్తగారి వడియాల పక్కనే ఎండబెట్టాను. ఎలాగూ అక్కడే ఉంటావు కాబట్టి కాకులొస్తే కాస్త చూసుకో.

ఇట్లు,
ఒకటిన్నర కనుబొమ్మలవాడు