అబద్ధాన్ని పట్టే స్కేలు లేదు: '567 ప్రశ్నల' సందేశానికి ఖండన

కొన్ని వారాలుగా నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: 'అమెరికాలో 567 ప్రశ్నల పరీక్ష ఉన్నది. అది మనసుకు తీసే ఎక్స్‌రే. రాసినవారికి మానసిక రోగం ఉన్నదో లేదో మార్కుల్లోనే తేలిపోతుంది. ఒక్క జవాబు అబద్ధమైనా అందులోని అబద్ధాల స్కేలు పట్టేస్తుంది. పెళ్ళి ఖాయం చేసుకునే ముందు పిల్లవానితో రాయించండి. పోలీసు ఉద్యోగాలకు పోయేవారు కింది పీడీఎఫ్‌లోని జవాబులు బట్టీ పట్టండి.' చివర ఒక ఉచిత పరీక్ష లింకు కూడా ఉంది. డిగ్రీ విద్యార్థులకు మనోవిజ్ఞాన శాస్త్రం చెప్పే నాకు దీనిని చాలామంది పంపారు. వారిలో ఇద్దరు సంబంధాలు చూస్తున్న మా బంధువులే. ఏ అబద్ధాన్నైనా పట్టేస్తుందంటున్న పరీక్షను బట్టీ పట్టిన జవాబులతో గట్టెక్కవచ్చని అదే సందేశం చెబుతున్నదన్న సంగతి పంపినవారిలో ఒక్కరికీ తట్టలేదు.

567 అన్న అంకె మాత్రం నిజమే. ఆ పరీక్ష పేరు మిన్నెసోటా బహుముఖ వ్యక్తిత్వ పరీక్ష, పొట్టిగా ఎంఎంపీఐ. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో స్టార్క్ హాథవే అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త, జె.సి. మెకిన్లీ అనే వైద్యుడు కలిసి దీనిని రూపొందించారు, 1943లో ప్రచురితమైంది. 567 ప్రశ్నలున్నది 1989లో వచ్చిన రెండవ రూపం. 2020లో వచ్చిన మూడవ రూపంలో 335 ప్రశ్నలే ఉన్నాయి.

ఇక ఎక్స్‌రే అన్న మాట. ఎక్స్‌రేలో విరిగిన ఎముక కనిపిస్తుంది. ఈ పరీక్షలో కనిపించేది పోలిక మాత్రమే. ఫలానా రోగనిర్ధారణ అయినవారు ఏ ప్రశ్నలకు 'అవును' అన్నారో, ఏ రోగమూ లేనివారు అవే ప్రశ్నలకు ఏమన్నారో చూసి, రెండు వర్గాల జవాబులు ఎక్కడ విడిపోయాయో అక్కడి ప్రశ్నలను ఏరి ఒక్కొక్క స్కేలు, అంటే ఒక్కొక్క విషయాన్ని కొలిచే ప్రశ్నల గుంపు, కట్టారు. మొదటి రూపంలో ఆ 'రోగం లేనివారు' చాలావరకు విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఉన్న రోగులను చూడవచ్చిన బంధుమిత్రులు. మన ప్రభుత్వాసుపత్రి వరండాలో టిఫిన్ డబ్బాతో కూర్చునేవారి వంటివారే అనుకోండి. సగటు 50 అయ్యేలా లెక్కగట్టిన టి-స్కోరులో, రెండవ రూపం ప్రకారం 65 దాటితే గమనించవలసిన స్థాయి అంటారు. ఆ గీతను గీసిన తీరులోనే, సాధారణ జనంలో కూడా ఒక్కొక్క స్కేలు మీద నూటికి ఏడెనిమిది మంది దానిని దాటతారు. క్లినికల్ స్కేళ్ళు అనే పది ప్రధాన స్కేళ్ళలో రెండు అసలు రోగాలకు సంబంధించినవే కావు: ఒకటి స్త్రీపురుష అభిరుచులది, మరొకటి నలుగురిలో కలవడానికి జంకే స్వభావానిది. కాబట్టి స్కేలు పేరు రోగం పేరు కాదు. నిర్ధారణ అన్నది ముఖాముఖి మాట్లాడి, గత చరిత్ర విని, ఇంటివారిని అడిగి, అప్పుడు ఈ అంకెను కూడా పక్కన పెట్టుకుని నిపుణులు చేసే పని.

మన ప్రాంతానికి వచ్చేసరికి ఈ జాగ్రత్త మరింత అవసరం. పరీక్షలో మొదటి స్కేలు శరీర బాధల గురించి: నొప్పులు, నీరసం, ఒంట్లో నలత. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి కీళ్ళు పట్టేసిన మర్రిగూడ మండలపు రైతు ఉన్నది ఉన్నట్టు జవాబిస్తే ఆ స్కేలు పైకి పోవడం సహజం. అది లేని రోగాన్ని ఊహించుకునే మనసు కాదు, నిజంగా వంగని నడుము. భాష సంగతి వేరే. తెలుగులోకి మార్చిన ఒక ప్రశ్నావళిలో 'మీకు తరచు ఆందోళన కలుగుతుందా' అని ఉంటే, ఒక పెద్దాయన 'ఆందోళన అంటే ధర్నానా సారూ' అని నన్ను అడిగాడు. 'రంది ఉంటదా, బుగులైతదా' అని అడిగితే గంటసేపు చెప్పాడు.

సందేశంలోని అసలు మాట అబద్ధాల స్కేలు. ఇక్కడ కొంచెం నిదానించాలి, ఎందుకంటే ఈ పరీక్షలో తెలివైన భాగమూ ఎక్కువ అపార్థానికి గురైన భాగమూ ఇదే. 'ఎల్' అనే స్కేలులో 15 ప్రశ్నలుంటాయి. అసలు ప్రశ్నలను నేను ఇక్కడ ఇవ్వను, అవి బయటపడితే పరీక్ష పాడవుతుంది. పోలికకు నేనే ఒకటి కట్టి చెబుతాను. 'నాకు అప్పుడప్పుడు కోపం వస్తుంది' అన్నదానికి 'కాదు' అన్నామనుకోండి, అది ఒక్కటే అయితే ఏమీ కాదు. మనుషులందరిలో ఉండే అటువంటి చిన్నచిన్న లోపాలను వరుసగా కాదంటూ పోతే, ఈ వ్యక్తి తనను మరీ మంచిగా చూపించుకుంటున్నాడేమో అన్న అనుమానం పుడుతుంది. అనుమానమే, తీర్పు కాదు. దేవరకొండ దగ్గరి పల్లెలో నిష్ఠగా బతికిన ఒక ముసలమ్మ 'నేనెన్నడు ఎవ్వరి మీద కోపం జెయ్యలే బిడ్డా' అంటే, ఆమె తనను తాను అలాగే నమ్ముతున్నది. సంప్రదాయబద్ధమైన పెంపకం వల్ల కూడా ఈ స్కేలు పెరుగుతుందని ఆ రంగంలోని పండితులే చెబుతారు.

'ఎఫ్' స్కేలు దీనికి ఎదురు దిక్కున ఉంటుంది. సాధారణ జనంలో చాలా అరుదుగా వినిపించే జవాబులను అది లెక్కిస్తుంది. అది బాగా పెరిగిందంటే మనిషి రోగం నటిస్తున్నాడు కావచ్చు; ప్రశ్నలు అర్థం కాక తోచినట్టు గీతలు పెట్టాడు కావచ్చు; నిజంగానే తీవ్రమైన బాధలో ఉన్నాడు కావచ్చు. ఈ చిక్కు విడదీయడానికే, ఆసుపత్రిలో చేరిన మానసిక రోగులు కూడా అరుదుగా ఇచ్చే జవాబులతో 1995లో ఆర్బిసి, బెన్-పొరాత్ అనే ఇద్దరు 27 ప్రశ్నల మరో స్కేలు కట్టారు. అయినా బోనాల నాడు శిగమూగే శివసత్తిని 'ఏదైనా శక్తి మిమ్మల్ని ఆవహిస్తుందా' అని అడిగి చూడండి. 'ఎల్లమ్మ వస్తది' అంటుంది. మిన్నెసోటాలో అరుదైన ఆ జవాబు మన వీధిలో అరుదు కాదు.

'కె' అనే 30 ప్రశ్నల స్కేలు నేర్పుగా దాచుకునేవారి కోసం 1940లలో వచ్చింది. దాని అంకెలో కొంత భాగాన్ని ఇతర స్కేళ్ళకు కలిపి సవరించేవారు. కొత్త రూపాలలో ఆ సవరణను పరీక్ష కర్తలే మానుకున్నారు. ఇవి కాక, అర్థం దగ్గరగా ఉన్న ప్రశ్నల జతలకు పొంతన లేని జవాబులు ఇచ్చారా, ఏదడిగినా 'అవును' అనుకుంటూ పోయారా అని చూసే స్కేళ్ళు వేరే ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి సప్రమాణత స్కేళ్ళు అంటారు. ఫలానా ప్రశ్న దగ్గర అబద్ధం ఆడావని వీటిలో ఒక్కటీ చెప్పదు. ఈ జవాబుపత్రాన్ని చదవవచ్చా, చదివితే ఎంత జాగ్రత్తగా చదవాలి అన్నది మాత్రమే చెబుతుంది. నాడి, శ్వాస, చర్మపు చెమట కొలిచే పాలీగ్రాఫ్ యంత్రంతో దీనిని కలిపి చెప్పడం మరీ పొరపాటు. ఆ యంత్రపు పరీక్షను కూడా మనిషి సమ్మతి లేకుండా చేయరాదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

పీడీఎఫ్ గురించి రెండు మాటలు చాలు. ప్రతి ప్రశ్నకూ 'మంచి' జవాబు రాస్తే పెరిగేది సరిగ్గా ఎల్, కె స్కేళ్ళే, అంటే పత్రం అనుమానంలో పడుతుంది. పైగా 2022లో వచ్చిన తెలంగాణ పోలీసు నియామకాల్లో ఉన్నవి ప్రిలిమినరీ రాతపరీక్ష, దేహదారుఢ్య పరీక్షలు, తుది రాతపరీక్ష. ఈ 567 ప్రశ్నలు వాటిలో ఎక్కడా లేవు.

పెళ్ళికొడుకుతో రాయించమన్న సలహాకు లెక్కతో జవాబు చెప్పాలి. ఒక ఊహ చేద్దాం: వెయ్యి మంది యువకుల్లో 50 మందికి ఒక మానసిక సమస్య ఉంది, పరీక్ష ఉన్నవారిలో నూటికి 90 మందిని పడుతుంది, లేనివారిలో నూటికి పది మందిని మాత్రమే పొరపాటున పడుతుంది. వినడానికి గొప్ప పరీక్షే. ఇప్పుడు లెక్కవేయండి: 50లో 45 మంది దొరికారు, మిగిలిన 950 మందిలో 95 మంది పొరపాటున దొరికారు. మొత్తం 140 మందిలో 95 మందికి ఏ సమస్యా లేదు. అంటే 'పట్టుబడిన' ముగ్గురిలో ఇద్దరి సంబంధాలు వట్టిగా తప్పిపోతాయి. సమస్య అరుదైనకొద్దీ ఈ పొరపాట్ల పాలు ఇంకా పెరుగుతుంది. 1955లోనే పాల్ మీల్, ఆల్బర్ట్ రోజెన్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు ఈ సంగతిని వివరంగా రాశారు. చట్టం వైపు చూస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక రుగ్మతను జాతీయంగా గాని అంతర్జాతీయంగా గాని ఆమోదం పొందిన వైద్య ప్రమాణాలతోనే నిర్ణయించాలి. మేనమామ ఫోన్‌లోని మార్కులు ఆ ప్రమాణాలలోకి రావు. పిల్లవాని మీద నిజంగానే దిగులుంటే 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అయిన టెలి-మానస్‌కు, ఫోన్ చేసి మాట్లాడవచ్చు; ఆ సేవ ఉచితం.

మిగిలింది ఆ ఉచిత లింకు. అందులో పది ప్రశ్నలే ఉన్నాయి, అసలు పరీక్షలోనివి ఒక్కటీ కావు. ఫలితం మాత్రం 'నాకు అచ్చం సరిపోయింది' అని విద్యార్థులు అన్నారు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అధ్యాపకుడు 39 మంది విద్యార్థులతో వ్యక్తిత్వ పరీక్ష రాయించి, ఎవరి ఫలితం వారిదని చెప్పి, అందరికీ ఒకే కాగితం ఇచ్చాడు. అది తమకు ఎంత సరిపోయిందో ఐదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. మా తరగతిలో లింకు నొక్కిన ముగ్గురి ఫోన్లు బల్ల మీద పక్కపక్కన పెట్టించాను. మూడింటిలోనూ ఒకటే పేరా, మధ్యలో ఒకే అచ్చుతప్పుతో సహా.