ఉక్కదా తప్పు, పిల్లవాడిదా?

(విజయవాడలో ఇంటర్ చదివే పెద్ద కొడుకు వీపు మీద శోభి మచ్చలు చూసి బాబాయి మండిపడుతున్నారు. ఎదురుగా ఉన్నది చర్మ పరీక్షల ల్యాబ్‌లో పనిచేసే అన్న కూతురు శారద.)

బాబాయి: ఒళ్లు శుభ్రంగా తోముకోడమ్మా. అంతే రోగం.

శారద: రోజుకు రెండుసార్లు స్నానం చేసే పిల్లవాణ్ని అలా అనకండి బాబాయ్. దీనికి కారణమైన మలసీజియా అనే ఈస్టు, అంటే కంటికి కనిపించని ఒక రకం బూజు, మీ ఒంటి మీదా ఉంది, నా ఒంటి మీదా ఉంది. తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను తాను తయారు చేసుకోలేదు, మన చర్మపు జిడ్డు తిని బతుకుతుంది. ల్యాబ్‌లో పెంచాలన్నా ఆలివ్ నూనెలాంటిది పోయాల్సిందే. ఉక్కపోతలో చెమట ఆరదు, బ్యాగు బరువుకు చొక్కా వీపుకు అతుక్కుపోతుంది. అప్పటిదాకా గుండ్రటి కణాలుగా పడి ఉన్న ఈస్టు పొట్టి పోగులుగా సాగుతుంది, మచ్చలు తేలతాయి. చలి దేశాల్లో నూటికి ఒకరికి కనిపించే ఈ జబ్బు, ఉక్క ప్రాంతాల్లో కొన్నిచోట్ల సగం మందిలో కనబడుతుంది. వాళ్లంతా స్నానం చేయనివాళ్లా?

బాబాయి: మరి చిన్నవాడి వీపు అద్దంలా ఉందే? అదే ఇల్లు, అదే ఉక్క.

శారద: వాడికి 9 ఏళ్లు. జిడ్డు గ్రంథులు ఇంకా మేలుకోలేదు. పెద్దవాడికి 16.

బాబాయి: తరగతిలో అందరికీ పదహారే. అందరికీ లేవే!

శారద: అది ఒప్పుకోవాల్సిందే. ఉక్క ఒక్కటే చాలదు. వంశం, జిడ్డు, రోగనిరోధక శక్తి తీరు కూడా దానికి తోడవ్వాలి. వీటిలో ఏదీ వాడి తప్పు కాదు.

బాబాయి: మీ పిన్ని రోజూ వీపుకు కొబ్బరినూనె రాస్తోంది. ఇక ఆవిడదీ తప్పంటావు. మా అమ్మ మాకు రాయలేదా?

శారద: నానమ్మ నూనె రాసి, సున్నిపిండితో రుద్ది కడిగేసేది. పిన్ని రాసి పైన చొక్కా తొడుగుతోంది. ఈ ఎండాకాలం మానమనండి.

బాబాయి: నిరుడు మందు రాశాం. తెలుపు పోలేదు.

శారద: ఈస్టు చచ్చినా రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. గోటితో మెల్లగా గీసి చూడండి. తవుడులా పొట్టు రాలితే అది ఇంకా ఉన్నట్టే.

బాబాయి: (గీసి) రాలుతోందమ్మా.

శారద: అయితే డాక్టరుకు చూపించి మళ్లీ మందు మొదలుపెట్టండి. ముందు వాడికి చెప్పండి, స్నానం గురించి మీరన్నమాట నిజం కాదని.