మత స్వేచ్ఛ సభలో అడగాల్సిన ప్రశ్నలు అడుగుతున్నామా?

నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవం రాగానే విజయవాడలోనో గుంటూరులోనో ఏదో ఒక హాల్లో మత సామరస్య సభ జరుగుతుంది. వేదిక మీద ఒక అర్చకులు, ఒక ఇమాం, ఒక పాస్టర్ కూర్చుంటారు. జ్యోతి వెలిగిస్తారు, పీఠిక చదువుతారు, ముగ్గురూ చేతులు కలిపి ఫొటో దిగుతారు. ఆ తర్వాత ప్రసంగాలతోనే రెండు గంటలు గడిచిపోతాయి. కింద కూర్చున్నవాళ్లలో ఒక్కరైనా నోరు విప్పకముందే వందన సమర్పణ మొదలవుతుంది. ఆ ఫొటోకూ విలువ ఉంది, కాదనను. కానీ ఈ రెండు ఊళ్లకు అది చాలదు.

కలిసి బతకడం ఇక్కడి జనానికి కొత్తగా నేర్పాల్సిన పని లేదు. దసరాకు ఇంద్రకీలాద్రికి, ఫిబ్రవరిలో గుణదల మేరీమాత కొండకు వచ్చే జనాన్ని మోసేది అవే బస్సులు, అవే ఆటోలు. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో మొదలైంది. నాస్తికవాది గోరా పెట్టిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడ పటమటకు వచ్చింది. ఇబ్బంది మాట్లాడుకోవడం దగ్గరే. మతమార్పిడి, ఎస్సీ సర్టిఫికెట్, గుడి హుండీ, మైకు మోత: ఈ నాలుగింటి గురించీ ఇంట్లో మాట్లాడతాం, టీకొట్టు దగ్గర మాట్లాడతాం, వాట్సాప్ గ్రూపులో తిట్టుకుంటాం. ఎదుటివాళ్లను కూర్చోబెట్టుకుని, చట్టం కాగితం చేతిలో పెట్టుకుని మాత్రం మాట్లాడం. మత స్వేచ్ఛ మీద బహిరంగ చర్చ అంటే మొదట ఆ నాలుగింటినీ వేదిక ఎక్కించడమని నా ఉద్దేశం.

చర్చకు ముందు మత స్వేచ్ఛ గురించి చెప్పే రాజ్యాంగం 25వ అధికరణ మొదటి వాక్యాన్ని పైకి చదివితే సగం గొడవ తగ్గుతుంది. ఆ వాక్యంలో మాటల వరుస గమనించండి. హక్కు కంటే ముందు హద్దులు వస్తాయి: ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం, ఆపైన ప్రాథమిక హక్కుల భాగంలోని మిగతా నిబంధనలు. అంటే సమానత్వాన్ని పక్కన పెట్టే మత స్వేచ్ఛ రాజ్యాంగంలో లేదు. తర్వాత 'వ్యక్తులందరికీ' అన్న మాట. 19వ అధికరణ పౌరులకే పరిమితం, 25వది ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషిదీ. ఆ తర్వాత వచ్చేది అంతరాత్మ స్వేచ్ఛ, మతం అన్న మాట దాని వెనకే వస్తుంది. ఏ దేవుణ్నీ నమ్మనివారికీ ఆ వాక్యంలో చోటుంది. చివరగా మతాన్ని అవలంబించడం, ఆచరించడం, ప్రచారం చేయడం.

ఆ 'ప్రచారం' మీద రాజ్యాంగ సభలోనే గట్టి వాదన జరిగింది. 1948 డిసెంబరు 6న లోక్‌నాథ్ మిశ్రా ఆ మాట ఉండకూడదన్నారు. క్రైస్తవ విద్యాసంస్థల్లోనే చదువుకున్న తనను మతం మార్చే ప్రయత్నం ఎవరూ చేయలేదని టి.టి.కృష్ణమాచారి బదులిచ్చారు. వ్యతిరేకించిన ప్రసంగమూ, సమర్థించిన ప్రసంగమూ రెండూ రికార్డులో ఉన్నాయి. దేశ విభజన గాయం పచ్చిగా ఉన్న రోజుల్లో వాళ్లు ఎదురెదురుగా కూర్చుని అంత మాట్లాడగలిగారు. మనం ఎందుకు మాట్లాడలేం?

1977లో సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో ప్రచార హక్కులో ఎదుటివారిని మతం మార్చే హక్కు ఇమిడి లేదంది, ఎందుకంటే ఎదుటివారికీ అదే అంతరాత్మ స్వేచ్ఛ ఉంది. ఈ తీర్పును రెండు పక్షాలూ సగం సగమే చెబుతాయి. ఒకరు 'ప్రచారం నా హక్కు' అంటారు, రెండోవారు 'మార్చడం నేరం' అంటారు. సొంత ఇష్టంతో మతం మారే మనిషిని ఆ తీర్పు ఆపలేదు. బలవంతం, మోసం, ప్రలోభాలను నిషేధిస్తూ మధ్యప్రదేశ్, ఒడిశా చేసిన చట్టాలు చెల్లుతాయని మాత్రమే చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి చట్టం లేదు. ఇక్కడున్న 2007 నాటి చట్టం వేరు. ప్రభుత్వం నోటిఫై చేసిన ఆలయాలు, ప్రార్థనా స్థలాల పరిధిలో ఇతర మత ప్రచారాన్ని అది నిషేధిస్తుంది. వీధిలో కరపత్రం పంచినవారి మీద ఈ రెంటినీ కలగలిపి కేకలు వేయడం దగ్గరే చాలా తగాదాలు మొదలవుతాయి.

ఇక అందరూ తప్పించుకునే ప్రశ్న. కృష్ణా, గుంటూరు ప్రాంతంలోని చాలా దళితవాడల్లో చర్చి ఉంది. అలాంటి వాడలో ఒక ఇంటి ట్రంకుపెట్టె తెరిస్తే రెండు కాగితాలు కనిపిస్తాయి. ఒకటి తహసీల్దారు సంతకం పెట్టిన కుల ధ్రువపత్రం. అందులో హిందూ మాల అనో హిందూ మాదిగ అనో ఉంటుంది. రెండోది చర్చి సంఘం ఇచ్చిన బాప్తిస్మ పత్రం. పిల్ల డిగ్రీ సీటుకు మొదటిది కావాలి, పెళ్లికి రెండోది కావాలి. ఈ రెండు కాగితాలూ ఒకే బల్ల మీదకు రాకుండా చూసుకుంటూ ఆ కుటుంబం బతుకుతుంది.

ఇలా ఎందుకైందంటే, 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు మన రాష్ట్రంలో దక్కేది బీసీ-సీ కోటా, అంటే 1 శాతం రిజర్వేషన్. ఎస్సీలకున్నది 15 శాతం. 1977 ఆగస్టు 30 నాటి జీవో 341, చట్టం ప్రకారం కాక ప్రభుత్వం తనంతట తాను ఇచ్చే రాయితీలను మతం మారిన ఎస్సీలకూ వర్తింపజేసింది కానీ రిజర్వేషన్, అట్రాసిటీ చట్టం రక్షణ దాని పరిధిలోకి రావు. మతం మారిన వ్యక్తి చేతిలో కుల ధ్రువపత్రం రద్దు కాకుండా ఉన్నంత మాత్రాన ఆ చట్టం కింద రక్షణ దొరకదని 2025లో రాష్ట్ర హైకోర్టు చెప్పింది. తిరిగి రావడం గురించి 1976 నాటి తీర్పు ఒకటుంది, అది గుంటూరు వైద్య కళాశాల సీటు నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. క్రైస్తవం తీసుకున్న తల్లిదండ్రుల బిడ్డ హిందూమతంలోకి వస్తే, ఆ కులంవాళ్లు తమవాడిగా ఒప్పుకుంటే, ఆ కులస్థుడే అవుతాడని కోర్టు తేల్చింది.

ఈ ప్రశ్నకు రెండు వైపులా న్యాయమైన భయాలున్నాయి. ఉన్న 15 శాతంలోకి కొత్తవాళ్లు వస్తే తమ పిల్లల సీటు పోతుందన్నది హిందూ దళితుల ఆందోళన. దాన్ని ద్వేషమని కొట్టిపారేస్తే చర్చ అక్కడే ఆగిపోతుంది. రెండోవైపు, బాప్తిస్మం తీసుకున్న మర్నాడు ఊళ్లో పిలుపు మారదు, అద్దె ఇల్లు తేలిగ్గా దొరకదు. అంటరానితనం మతం చూసి ఆగదు కనుక మూడో పేరాను మార్చాలన్నది నా అభిప్రాయం. 2023 మార్చిలో శాసనసభ తీర్మానం కూడా అదే కోరింది. ఈ అంశం పరిశీలనకు కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ కమిషన్ వేసింది. నా అభిప్రాయంతో ఏకీభవించనివారు వేదిక మీద ఉండి తీరాలి, వాళ్లు లేకపోతే ఇది ప్రసంగమే.

గుడి ప్రశ్న కూడా దాచకూడదు. మసీదు, చర్చిలకు లేని ప్రభుత్వ అజమాయిషీ ఆలయాలకే ఎందుకన్నది చాలామంది హిందువుల మనసులో ఉంది. లౌకికవాదం మాట్లాడేవాళ్లు దీన్ని పక్కకు నెట్టడం పొరపాటు. పూజా విధానం వేరు, ఆస్తుల లెక్క వేరు. 25(2)(ఎ) ఆర్థిక, లౌకిక వ్యవహారాలను నియంత్రించనిస్తుంది. దేవాదాయ చట్టం 1987లో వచ్చింది, వంశపారంపర్య అర్చకత్వం రద్దును సుప్రీంకోర్టు 1996లో సమర్థించింది. అయితే ఆస్తుల లెక్క పేరుతో ఎంతదాకా వెళ్లవచ్చు? హుండీ రూపాయి ఎక్కడ ఖర్చవుతోంది? ఈ ప్రశ్నలకు గొల్లపూడిలోని దేవాదాయ శాఖ కార్యాలయం జనం ముందు జవాబు చెప్పాలి. 2016 కృష్ణా పుష్కరాల ముందు రోడ్ల కోసం విజయవాడలో గుడులు తొలగించారు, వాటిలో కొన్నిటిని తిరిగి కట్టడానికి 2021 జనవరిలో శంకుస్థాపన చేశారు. తొలగించే ముందే అర్చకులనూ చుట్టుపక్కలవాళ్లనూ పిలిచి కూర్చోబెడితే ఆ అయిదేళ్ల కోపం మిగిలేది కాదు.

మైకు సంగతి తేలిక, దానికి అంకెలున్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. లౌడ్‌స్పీకర్ వాడే చోటు సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంత పరిమితి కంటే 10 డెసిబెల్స్‌కు మించి ఉండకూడదు, ఎలా చూసినా 75 దాటకూడదు. ఇది భజనకూ, అజాన్‌కూ, క్రిస్మస్ కూటానికీ, గణపతి మండపానికీ ఒకటే. తప్పు జరిగేది అమలులో. ఒక మతం మైకు మీద ఫిర్యాదు వస్తే పోలీసులు ఆ ఒక్క మైకునే దించుతారు. వీధిలో ఉన్న అన్నిటినీ ఒకే రోజు, ఒకే మీటరుతో కొలిస్తే ఎవరూ కక్ష అనుకోరు.

ఇంత బాహాటంగా మాట్లాడితే కేసు పెడతారన్న భయం చాలామందిది. పాత ఐపీసీలోని 295ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 299, శిక్ష మూడేళ్ల వరకు. కావాలని, దురుద్దేశంతో మత భావాలను అవమానిస్తేనే ఆ సెక్షన్ వర్తిస్తుంది. మర్యాదగా వేసిన ప్రశ్న అందులోకి రాదు. ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు. మాటకు సంబంధించిన ఇలాంటి ఫిర్యాదుల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173(3) కింద 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపడం సముచితమని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండు ముక్కలూ సభ మొదట్లోనే చదివి వినిపించాలి.

సభ హాల్లోనే పెట్టడం మంచిది. రోడ్డు మీద సభకు పోలీసు చట్టం సెక్షన్ 30 అడ్డొస్తుంది. కందుకూరులో 8 మంది, గుంటూరులో ముగ్గురు మహిళలు తొక్కిసలాటల్లో చనిపోయాక 2023 జనవరి 2న రోడ్డు సభలను కట్టడి చేస్తూ ప్రభుత్వం జీవో 1 ఇచ్చింది, మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. హక్కు నిలబడింది నిజమే, జనాన్ని కాపాడే బాధ్యత మాత్రం నిర్వాహకుల మీదే ఉంది. 150 కుర్చీల హాలు చాలు. మైకుకు రాతపూర్వక అనుమతి ముందే తీసుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం వద్దు. ఆదివారం సాయంత్రం 4 నుంచి 7 అనుకుంటే, అధికరణలు చదవడానికి 20 నిమిషాలు, ఒక్కో అంశానికి 35 నిమిషాలు, మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజ్) వేళకు 15 నిమిషాల విరామం. అంశానికి ఇద్దరే వక్తలు, ఎనిమిదేసి నిమిషాలు. మిగతా సమయమంతా ప్రశ్నలది.

ప్రశ్నలు చీటీల మీద, పేరు లేకుండా తీసుకోవాలి. సర్టిఫికెట్ గురించి అడిగే అమ్మాయి మైకు ముందుకొచ్చి ఇంటిపేరు చెప్పలేదు. పైగా మైకు చేతికిస్తే ప్రశ్న పేరుతో పది నిమిషాలు ఉపన్యాసం చెప్పేవారు ప్రతి సభలో ఉంటారు. ముఖ్య అతిథి కోసం గంట ఆగారంటే మొదట కోతపడేది ప్రశ్నల సమయమే, కాబట్టి ముఖ్య అతిథే వద్దు. వీడియో మొత్తం, కోత లేకుండా అదే రాత్రి అందరికీ అందుబాటులో పెట్టాలి. లేకపోతే తెల్లారేసరికి 30 సెకన్ల ముక్క ఒకటి వాట్సాప్‌లో తిరుగుతుంది, మిగతా మూడు గంటలూ ఎవరికీ గుర్తుండవు.

జవాబు దొరకని ప్రశ్నలను సభ ముగిసేలోపే ఒక కాగితం మీద రాసి, ఏ కార్యాలయం జవాబివ్వాలో పక్కన రాయాలి. సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. రెండో సభ తేదీని నలభై రోజుల తర్వాతకు పెట్టుకుని, ఆ జవాబులతోనే సభ మొదలుపెట్టాలి.