జనవరి ఒకటో తేదీ గారికి ఒక డిసెంబరు వాడి విన్నపం

మహారాజశ్రీ జనవరి 1వ తేదీ గారి దివ్య సముఖానికి, డిసెంబరు 29న పుట్టి, ఫుట్‌బాల్ మైదానంలో ఎడమ అంచున ఆడిన ఒక మాజీ లెఫ్ట్ వింగర్ నమస్కరించి వ్రాయు లేఖార్థములు.

తమరి క్షేమం వేరే అడగనక్కరలేదు. ప్రపంచంలో ఏ కుర్రాళ్ల ఫుట్‌బాల్ జట్టు జాబితా తెరిచినా మీరూ మీ పక్కింటి ఫిబ్రవరి, మార్చి నెలలూ నిండుగా, పుష్టిగా, మిగిలినవాళ్లకంటే జానెడు ఎత్తుగా కనిపిస్తున్నారు. ఇక్కడ మేమందరం బెంచి మీద క్షేమం.

పిల్లవాడు స్కౌట్ల, అంటే క్లబ్బుల కోసం ఆటగాళ్లను వెతికిపెట్టేవారి, కంట పడాలంటే ఏయే గుణాలు ఉండాలని అడిగితే కోచ్‌లు చెప్పే పాఠం మీకు కంఠతా వచ్చి ఉంటుంది. వేగం, బలం, ధైర్యం, నాయకత్వ లక్షణాలు, మానసిక పరిణతి. తల్లిదండ్రులు అన్నీ శ్రద్ధగా రాసుకుంటారు. మర్నాటి నుంచి ఇంట్లో నానబెట్టిన బాదంపప్పు, ఉడికించిన గుడ్లు, తెల్లవారుజామున ఐదింటికి పరుగు. పాపం, వాళ్లలో ఒక్కరూ అసలైన మొదటి గుణాన్ని రాసుకోరు. అది మీరు. సంవత్సరం మొదట్లో పుట్టడమనే ఆ మహత్తర ప్రతిభ సాధనతో వచ్చేది కాదు, పూర్వజన్మ సుకృతం ఉండాలి.

ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా వారి వయో విభాగాలకు మీరే గుమ్మం. మీ రోజున పుట్టినవాడూ, అదే ఏడు డిసెంబరు 31న పుట్టినవాడూ ఒకే గుమ్మంలోంచి లోపలికి వస్తారు. ఒకే రంగు చొక్కా, ఒకే బంతి, ఒకే ఈల. కాగితం మీద ఇద్దరూ ఒక్క ఈడు వాళ్లే. ఒకడు మాత్రం ఏడాది అన్నం ఎక్కువ తిని వచ్చాడు. ఎనిమిదేళ్ల జీవితంలో ఏడాదంటే ఎనిమిదో వంతు. నలభై ఏళ్ల ఉద్యోగికి ఐదేళ్ల సీనియారిటీ ఎంతో, ఆ పసివాడికి అది అంత. ఇంగ్లండ్‌లో క్లబ్బుల అకాడమీలు పిల్లల్ని చేర్చుకోవడం మొదలుపెట్టేది సరిగ్గా ఈ వయసులోనే. ఎంత సమయజ్ఞతో చూడండి!

గీత బయట నిలబడ్డ స్కౌటు గారు ఏమి చూస్తారు? ఇద్దరు పిల్లలు బంతి కోసం భుజం భుజం కలుపుతారు. ఒక భుజం రెండో దానికంటే పైన ఉంటుంది. దాని యజమాని బంతితో వెళ్లిపోతాడు, "బలవంతుడు" అని నోటుబుక్కులోకి ఎక్కుతుంది. వాడే కాస్త గట్టిగా అరుస్తాడు, "నాయకత్వ లక్షణాలు" అని ఇంకో వాక్యం చేరుతుంది. కిందపడితే ఏడవడు కాబట్టి పరిణతి కూడా వచ్చేసింది. రెండోవాడు బంతి కాలికి తగలగానే ఎవడో ఒకడికి ఇచ్చేసి పక్కకు తప్పుకుంటాడు. తప్పుకోకపోతే నలిగిపోతాడని వాడి ఒంటికి తెలుసు. వాడి పేరు పక్కన "బంతిని అట్టిపెట్టుకోలేడు" అని పడుతుంది. స్కౌటు గారు అబద్ధం ఏమీ రాయలేదు. మైదానంలో చూసిందే రాశారు. ఆయన రాసిందాంట్లో సగం మీ పుట్టినరోజు వేడుకల నివేదిక అని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ తర్వాత జరిగేదే మీ అసలు లీల. ఎంపికైనవాడికి మంచి కోచ్, పచ్చిక మైదానం, వారానికి మరిన్ని సెషన్లు, తనంత గట్టివాళ్లతో పోటీ. వెనక్కి వెళ్లినవాడికి వీధి చివరి ఖాళీ స్థలం, అది కూడా అపార్టుమెంటు లేచేదాకా. పద్నాలుగేళ్లు వచ్చేసరికి మొదటివాడు నిజంగానే మెరుగైన ఆటగాడు అయిపోతాడు. అప్పుడు స్కౌటు గారు మీసం దువ్వి, "ఎనిమిదేళ్లప్పుడే చెప్పాను" అంటారు. జోస్యం చెప్పి, దాన్ని నిజం చేయడానికి కావలసిన ఖర్చంతా క్లబ్బు చేత పెట్టించి, చివరికి జోస్యం ఫలించిందని ఆశ్చర్యపోయే ఈ విద్య మన సిద్ధాంతి గార్లకు కూడా రాదు.

మీ మహిమను మొదట పట్టుకున్నవారిలో కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బార్న్స్‌లీ ఒకరు. 1980లలో ఆయన ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలు లెక్క వేస్తే మీరూ మీ బంధువులూ గుంపుగా దొరికారు. అది హాకీ కదా అని తప్పించుకోకండి, బెల్జియం సంగతికి వస్తున్నాను. అక్కడ కుర్రాళ్ల ఫుట్‌బాల్‌కు ఒకప్పుడు ఆగస్టు 1 కటాఫ్, అంటే వయసు లెక్క మొదలయ్యే గుమ్మం. ఆ రోజుల్లో ప్రతిభ అంతా ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే పుట్టేది. 1997లో కటాఫ్‌ను మీ దగ్గరికి మార్చారు. పరిశోధకులు మళ్లీ లెక్కపెట్టేసరికి ప్రతిభ పెట్టే బేడా సర్దుకుని జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాపురం పెట్టేసింది. బెల్జియం తల్లుల పాలల్లో మార్పు లేదు, పచ్చికలో లేదు. మారింది గుమాస్తా కలం కదిలిన చోటు. ఇంగ్లండ్‌లో బడి సంవత్సరాన్ని బట్టి సెప్టెంబరు 1 ఏలుబడి. అక్కడ సెప్టెంబరు వాడు వజ్రం, ఆగస్టు వాడు గులకరాయి. ఇంగ్లిష్ చానెల్ దాటగానే రాళ్ల విలువలు మారిపోతాయి.

మా తెలుగువాళ్ల సంగతి తలుచుకుంటే ఇంకా జాలి. ముహూర్తం చూసి బిడ్డను బయటికి తీయించడంలో మమ్మల్ని మించినవారు లేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు సిజేరియన్లే. అన్నిటికీ ముహూర్తమే కారణమని అనను. కానీ తిథి, నక్షత్రం, లగ్నం అడిగి డాక్టరమ్మను తొందరపెట్టే కుటుంబాలు తక్కువేమీ కాదు. ఇంత చేసీ ఫిఫా కటాఫ్ ఎప్పుడో ఏ పంచాంగమూ రాయలేదు. పైగా మీరు పుట్టే వేళ ధనుర్మాసం. పెళ్లికి పనికిరారు, గృహప్రవేశానికి పనికిరారు, ఫుట్‌బాల్‌కు మాత్రం అమృత ఘడియలు! ఈ రహస్యం ముందే తెలిసి ఉంటే మా అమ్మ మూడు రోజులు ఎలాగో ఓపిక పట్టేది.

పుట్టిన తేదీని మేము మరీ అంత గౌరవించలేదన్నది కూడా నిజమే. మా పై తరంలో సగం మందికి బడి తెరిచే జూన్, జులై నెలల్లోనే పుట్టినరోజులు ఉండటం యాదృచ్ఛికం కాదు; పంతులు గారు రిజిస్టరు ముందు పెట్టుకుని పిల్లవాడిని ఎగాదిగా చూసి వేసిన తేదీలవి. అది అమాయకపు లెక్క. తర్వాత వచ్చిన తరం తెలివిమీరింది. ట్రయల్స్ ముందు రెండేళ్లు తగ్గించిన సర్టిఫికెట్లు, పదిహేనేళ్ల విభాగంలో గడ్డం గీసుకుని దిగే స్ట్రైకర్లు. చివరికి ఫిఫా వారు కాగితాన్ని నమ్మడం మానేసి, 2009లో నైజీరియాలో జరిగిన అండర్-17 ప్రపంచ కప్ నుంచి ఎముక ఎదుగుదలను బట్టి వయసు పట్టుకోవడానికి మణికట్టుకు ఎమ్మారై తీయడం మొదలుపెట్టారు. దొంగ సర్టిఫికెట్ పుట్టించేవాడిని మేము నిషేధిస్తాం, అది న్యాయమే. చట్టబద్ధంగా పదకొండు నెలలు పెద్దవాడైన మీవాడిని మాత్రం ప్రతిభావంతుడు అంటాం. రెండు చోట్లా పనిచేసింది ఒకే ఎముక కదా, చిత్తగించండి.

2017 అక్టోబరులో ఆ అండర్-17 ప్రపంచ కప్ మన దేశంలోనే జరిగింది. 2000 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి ప్రవేశం, అంటే మళ్లీ మీ గుమ్మమే. ఢిల్లీలో కొలంబియా మీద మన జట్టు ఓడింది కానీ, ఫిఫా ప్రపంచ కప్ చరిత్రలో భారతదేశపు తొలి గోల్ ఆ రోజే పడింది. తలతో కొట్టిన జీక్సన్ సింగ్ 2001 జూన్‌లో పుట్టాడు. మీ గుమ్మానికి ఏడాదిన్నర అవతల! ఆ క్షణంలో మీరు ఎక్కడ దాక్కున్నారో తెలుసుకోవాలని ఉంది.

మీకు ఇబ్బంది కలిగించే మరో రెండు పేర్లు. హ్యారీ కేన్ పుట్టింది జులై 28న, ఇంగ్లండ్ లెక్కలో పదకొండో నెల. ఎనిమిదేళ్లప్పుడు లండన్ క్లబ్బు ఆర్సెనల్ అతన్ని వదిలేసింది. ఇప్పుడు ఇంగ్లండ్ తరఫున అత్యధిక గోల్స్ అతనివే. కిలియన్ ఎంబాపే మా ఇంటివాడు, డిసెంబరు 20. పదహారేళ్ల 347 రోజుల వయసులో మొనాకో క్లబ్బు తరఫున దిగి, అక్కడ అతి పిన్న ఆటగాడిగా థియరీ ఆన్రీ పేరున్న రికార్డును తుడిచేశాడు. అయితే ఈ పేర్లు ఎత్తాలంటే నాకు భయం కూడా ఉంది. "చూశారా, సత్తా ఉన్నవాడు ఎలాగైనా వస్తాడు" అనే మాటకు మీ భక్తులు వీటినే వాడుకుంటారు. వచ్చినవాడికి పేరుంది. పన్నెండేళ్లకు బూట్లు అటక మీద పడేసి ఐఐటీ ఫౌండేషన్‌లో చేరినవాడికి ఏ పేరుందని ఉదాహరించను?

ఒక చిన్న న్యాయం మీకూ చేయాలి. పుట్టిన నెల వేరు, ఒళ్లు ఎదిగే వేగం వేరు. రెండు నేరాలూ మీ మీదే మోపడం ధర్మం కాదు. ఫ్రాన్సు ఆటగాడు ఆంట్వాన్ గ్రీజ్‌మన్ మీ పొరుగున మార్చి 21న పుట్టీ, పొట్టిగా బక్కగా ఉన్నాడని ఫ్రెంచి క్లబ్బుల చేత వరసగా తిరస్కారం పొందాడు. స్పెయిన్ క్లబ్బు రియల్ సోసిడాడ్ స్కౌటు కంట పడ్డాడు కనుక బతికిపోయాడు. 2018 ప్రపంచ కప్ ఫైనల్లో ఫ్రాన్సుకు గోల్ కొట్టిన రోజున ఆ క్లబ్బుల వారి ఎత్తు బద్దలు ఏ మూలన ఉన్నాయో.

మరి స్కౌటు దేన్ని చూడాలి అంటారా? బలం లేనివాడు బతకడానికి ఏమి నేర్చుకుంటాడో అది చూడాలి. బంతి రాకముందే మెడ తిప్పి చుట్టూ చూడటం వాటిలో మొదటిది. నార్వేకు చెందిన పరిశోధకుడు గైర్ యోర్డెట్ కెమెరాలు పెట్టి ఆటగాళ్లు తల ఎన్నిసార్లు తిప్పుతారో లెక్కపెట్టాడు. బార్సిలోనా ఆటగాడు చావి సెకనుకు 0.83 సార్లు తిప్పుతున్నట్టు తేలింది. (చావి జనవరి 25న పుట్టాడని మీరు వెంటనే అందుకుంటారని తెలుసు. అందుకోండి, ఆ ఒక్కడినీ ఉంచుకోండి.) బంతిని మొదటి స్పర్శలోనే ఖాళీ ఉన్న వైపు నడిపించడం, రెండో కాలితో కూడా పాస్ ఇవ్వగలగడం, బంతి పోగొట్టుకున్నాక చేతులు నడుం మీద పెట్టుకోకుండా వెనక్కి పరుగెత్తడం, వీటిలో దేనికీ జానెడు ఎత్తు అక్కరలేదు. ఆమ్‌స్టర్‌డామ్ క్లబ్బు అయాక్స్ వారు టెక్నిక్, ఆట పట్ల అవగాహన, వ్యక్తిత్వం, వేగం అని నాలుగు కొలతలు పెట్టుకున్నారు. నాలుగోదాంట్లో మీ వాటా చాలా ఉంది. మూడోదాంట్లో కొంత. మొదటి రెండింటి జోలికి రావడం మీ తరం కాదు.

మన హైదరాబాదులో రహీం సాబ్ అనే ఉపాధ్యాయుడు ఉండేవారు, సయ్యద్ అబ్దుల్ రహీం. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో భారతదేశానికి స్వర్ణం తెచ్చిన జట్ల కోచ్. ఆయన డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలి దగ్గరే ఉంచుకుని ఎదుటివాళ్లను దాటుకుపోవడం, చేయకూడదనే నియమంతో టోర్నీలు పెట్టేవారు, బలహీనమైన కాలితోనే ఆడాలనే నియమంతో పెట్టేవారు. అటువంటి ఆటలో మోటు భుజం ఏమి చేస్తుంది? ఆలోచన ఉన్నవాడు తేలతాడు, లేనివాడు మునుగుతాడు. ఇంత చవకైన పరీక్షను మన ఊళ్లోనే కనిపెట్టి, ఈనాటి ట్రయల్స్‌లో మాత్రం ముందుగా వంద మీటర్ల పరుగు పెట్టించి సగం మందిని ఇంటికి పంపుతున్నాం.

మీ మీద తిరుగుబాట్లు జరగకపోలేదు. బెల్జియం వారు ఆలస్యంగా ఎదిగే కుర్రాళ్ల కోసం జాతీయ స్థాయిలో వేరే జట్లే నడుపుతున్నారు. ఇంగ్లండ్‌లో పిల్లవాడు పెద్దయ్యాక రాబోయే ఎత్తులో ఇప్పటికి ఎంత శాతం వచ్చిందో అంచనా వేసి, దాన్ని బట్టి జట్లు కట్టి ఆడించి చూశారు. అక్కడ నాకు నచ్చింది చిన్నవాళ్ల సంతోషం కాదు, తమ సైజు వాళ్ల మధ్య పడేసరికి మీ భుజబలులు మొదటిసారి పాస్ ఇవ్వడం నేర్చుకోవడం. అన్నిటికంటే నవ్వు తెప్పించేది నెదర్లాండ్స్‌లో జరిగింది. 2017లో అచ్చయిన పరిశోధన అది. స్కౌట్ల చేతికి పిల్లల పుట్టిన తేదీలు కాగితం మీద ఇచ్చి ఆట చూపించారు. తేదీలు తెలిసీ వాళ్లు మీవాళ్లనే మెచ్చారు. తర్వాత వయసు వరస ప్రకారం చొక్కాల మీద అంకెలు వేసి, ఆ సంగతి చెప్పి చూపించారు. పక్షపాతం మాయం. వీపు మీద అంకె కనిపిస్తేనే గానీ చేతిలోని కాగితం బుర్రకెక్కలేదన్నమాట.

కనుక నా విన్నపాలు పెద్దవేమీ కావు. ట్రయల్స్‌లో అంకెల చొక్కాలు వయసు వరసలో కుట్టించడానికి అభ్యంతరం చెప్పకండి. పన్నెండేళ్లలోపు ఎవరినీ "వదిలేశాం" అనకుండా ఉండేలా తమ భక్తులకు కలలో కనిపించి చెప్పండి. ఏడాదికో మూడు నెలలు సింహాసనం దిగి ఏప్రిల్‌కు, జులైకి, అక్టోబరుకు వంతులు ఇచ్చినా బాగుంటుంది. డిసెంబరుకు మేము అడగడం లేదు, అలవాటు లేదు కాబట్టి కూర్చోలేం.

ఇట్లు,
తమ గుమ్మానికి మూడు రోజుల ఇవతల ఆగిపోయినవాడు

తా.క.: అమెరికాలో 2026-27 సీజన్ నుంచి ప్రధాన యువ ఫుట్‌బాల్ సంఘాలు మిమ్మల్ని దించి ఆగస్టు 1ని గద్దెనెక్కిస్తున్నాయని తెలిసింది. పిల్లలు బడిలో తమ తరగతి వాళ్లతోనే ఆడుకోవాలని వాళ్ల ఉద్దేశం. డల్లాస్‌లోనూ న్యూజెర్సీలోనూ వారాంతాలన్నీ మైదానాల చుట్టూ కారు నడుపుతూ గడిపే మా తెలుగు తల్లిదండ్రులు ఇప్పటికే వేళ్లు మడిచి లెక్కలు వేస్తున్నారు. ఈ లేఖ నకలు ఒకటి ఆగస్టు గారికి పంపుతున్నాను. పేరు, నెల తప్ప ఏమీ మార్చనక్కరలేకపోయింది.