రోగిని తిప్పవలసిన చేతులు ఎవరివి?

(మే 12, ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ జయంతి. వరంగల్‌లో నర్సింగ్ విద్యార్థుల ఎదుట ఒక వార్డు ఇన్‌చార్జి సిస్టర్, ఒక నర్సింగ్ ఉపాధ్యాయురాలు వాదానికి దిగారు. రోగిని పక్కకు తిప్పడం, తినిపించడం, ఒళ్ళు తుడవడం వెంట వచ్చిన బంధువులకు వదిలివేయవచ్చునా అన్నది విషయం.)

ఇన్‌చార్జి సిస్టర్: బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది భారతీయ నర్సింగ్ మండలి ప్రమాణం. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి రోగులు వచ్చిపడే ఈ ఊళ్ళో రాత్రి డ్యూటీ సిస్టర్‌కు ఆ భాగ్యం ఎక్కడిది? పొటాషియం క్లోరైడ్‌ను పలుచన చేయకుండా నరంలోకి నేరుగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది కనుక, దాన్ని కలిపేటప్పుడు రోగి పేరు, మోతాదు, ఎక్కించే వేగం మరొక సిస్టర్‌తో కూడా సరిచూపించుకోవాలి. సరిగ్గా అప్పుడే పక్క మంచం వాళ్ళు పెద్దాయనను తిప్పమని పిలిస్తే, నేను మందునే చూస్తాను.

ఉపాధ్యాయురాలు: ఆ క్షణానికి మీరు చేసింది సరైనదే, సిస్టర్. అయితే తిప్పడం కేవలం బరువు మోసే పని కాదు. రోగిని పక్కకు ఒత్తిగించినప్పుడే నడుము కింది భాగం, మడమలు మన కంటపడతాయి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినా తెల్లబడకపోతే బెడ్‌సోర్, అంటే ఒకే వైపు పడుకుని ఉండడం వల్ల పడే పుండు, మొదలైనట్టే. మనలో చాలామందికి ఉండే ముదురు రంగు చర్మం మీద ఆ ఎరుపు కూడా సరిగా కనిపించదు కనుక, చుట్టుపక్కల చర్మంతో పోల్చి వెచ్చదనాన్ని, గట్టిదనాన్ని చేత్తో తాకి చూడాలి. ఇది కొడుకుకో కోడలికో ఎలా తెలుస్తుంది? పక్షవాతం వచ్చిన మామను పడుకోబెట్టి జావ తాగించే కోడలికి ప్రేమ తక్కువై కాదు, అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుందని తెలియక. బెడ్‌సోర్ వచ్చిందంటే సాధారణంగా తప్పు రోగానిది కాదు, పరిచర్యది అని నైటింగేల్ 1859లోనే రాశారు.

ఇన్‌చార్జి సిస్టర్: ఆ మాట రాసిన పుస్తకం నర్సులకు పాఠ్యగ్రంథం కాదు, మేడమ్, ఇంట్లో రోగిని చూసుకునే ఆడవాళ్ళ కోసమే రాస్తున్నానని ఆవిడే చెప్పుకున్నారు. నేను అడుగుతున్నదీ అదే. డిశ్చార్జి అయ్యాక ఆ పెద్దాయనను చూసుకోవలసింది ఆ కోడలే. తలవైపు ఎత్తి కూర్చోబెట్టడం, చెంచాడు మింగాక గొంతు గురగురమంటోందేమో వినడం, దగ్గు వస్తే తినిపించడం ఆపడం ఆమెకు ఇక్కడే నేర్పితే అది పరిచర్య కాదా?

(చప్పట్లు కొట్టినవారిలో ఎక్కువమంది నైట్ డ్యూటీ దిగి వచ్చినవారే. ఆ వాదన నాకూ బలంగానే తోచింది.)

ఉపాధ్యాయురాలు: నేర్పడం పరిచర్యే, కాదనను. నేర్పాక ఆమె చేత చేయించి చూడాలి. నా అభ్యంతరం కేస్ షీట్ గురించి. రెండు గంటలకోసారి తిప్పినట్టు తెల్లవార్లూ ఒకే చేతిరాతతో సంతకాలుంటాయి. తిప్పవలసిన బంధువు మాత్రం వరండాలో నిద్రపోయి ఉంటాడు. చేయని పనిని చేయలేదనే రాయండి. అలా రాస్తేనే సిబ్బంది కొరత కాగితం మీదికి వస్తుంది.

ఇన్‌చార్జి సిస్టర్: అలా రాసిన సిస్టర్‌కే ముందుగా మెమో వస్తుంది, మేడమ్.

ఉపాధ్యాయురాలు: అందుకే ఆ భారం ఒక్కరి మీద ఉండకూడదు. డ్యూటీ మారేటప్పుడు దిగే సిస్టర్, ఎక్కే సిస్టర్ మంచం దగ్గరే నిలబడి, లేవలేని రోగుల వీపు, మడమలు కలిసి చూసి, ఇద్దరూ సంతకం చేయాలి.

ఇన్‌చార్జి సిస్టర్: లేవలేని రోగుల వరకే అయితే ఒప్పుకుంటాను. తిప్పింది బంధువులైతే షీట్‌లో అదే రాస్తాం. ఆ రాతకు మెమో రాదని సూపరింటెండెంట్ ముందుగా రాసివ్వాలి.