యాంప్లిఫయర్ డబ్బా మీది వాట్ల అంకె గారికి

మహారాజశ్రీ వాట్ల అంకె గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మా హాల్లో ఉన్న స్టీరియోకి మంచి పవర్ యాంప్లిఫయర్ ఒకటి కొందామని తిరుగుతున్నాను. ఇప్పుడున్న ఇంటిగ్రేటెడ్ (అన్నీ ఒకే డబ్బాలో ఉండే) యాంప్లిఫయర్‌కి వెనక ప్రీ-అవుట్ సాకెట్లు (వేరే పవర్ యాంప్లిఫయర్‌కి సిగ్నల్ ఇచ్చేవి) ఉన్నాయి కాబట్టి పవర్ యాంప్లిఫయర్ ఒక్కటి తగిలిస్తే చాలు. కానీ ఏ షాపుకెళ్ళినా, ఏ బ్రోషర్ తిప్పినా ముందు తమరే ఎదురవుతున్నారు. కంపెనీ పేరు ఏ మూలో ఉంటుంది, తమరు మాత్రం ఎన్నికల ఫ్లెక్సీలో అభ్యర్థిలా డబ్బా నిండా ఉంటారు. అందుకే సేల్స్‌మన్‌ని పక్కనబెట్టి నేరుగా తమరికే రాస్తున్నాను.

ముందు పాత బాకీ సంగతి. తొంభైల్లో తమరు పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్, అంటే క్షణకాలం అందుకుంటానని చెప్పుకునే గరిష్ఠ పవర్) అనే బిరుదు తగిలించుకుని తిరిగిన రోజులు మా తరం మర్చిపోలేదు. ముందువైపు వెండి స్టిక్కరు మీద '2000 వాట్స్'. సెట్టుని వెనక్కి తిప్పితే, వైరు బయటికొచ్చే చోట, కళ్ళజోడు పెట్టుకుంటే గానీ కనపడని అక్షరాల్లో '230 వోల్ట్స్, 50 హెర్ట్జ్, 40 వాట్స్'. ప్లగ్గులోంచి నలభై తీసుకుని స్పీకర్లోంచి రెండు వేలు ఇవ్వగల మహానుభావుల్ని పాటలకు వాడుకోవడం దేశానికే నష్టం. శ్రీశైలం డ్యామ్ మీద తమరిని వరసగా పేర్చి ఉంటే వానల కోసం ఎదురుచూడాల్సిన పని ఉండేది కాదు.

మూత విప్పితే అసలు బండారం బయటపడేది. కోఠి గుజరాతీ గల్లీలో సామాన్లు కొని బిగించిన లోకల్ సెట్లలో చాలావాటి గుండెకాయ ఎల్ఏ4440 అనే యాంప్లిఫయర్ ఐసీ (చిప్). నల్లటి చిన్న బిళ్ళ, దాని వీపుకి అల్యూమినియం రేకు, మధ్యలో తెల్లటి పేస్టు. స్టీరియోగా వాడితే ఛానెల్‌కి 6 వాట్లు, రెండూ కలిపి బ్రిడ్జి చేస్తే 19. పాపం, అది ఏనాడూ అబద్ధమాడలేదు. డేటాషీట్‌లో ఉన్నమాటే ఉంది. ఆడిందల్లా దాని నెత్తిన స్టిక్కరై కూర్చున్న తమరే.

ఇది మన దగ్గరే అనుకున్నాను గానీ, తమరి లీలలు అమెరికా కూడా భరించలేకపోయిందట. 1974లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రత్యేకంగా రూలు పెట్టింది: వాట్లు చెప్పేవాడు స్పీకర్ నిరోధం (ఇంపెడెన్స్) ఎన్ని ఓమ్స్‌కో, శబ్దాన్ని పాడుచేసే ఎంత డిస్టార్షన్‌తోనో కూడా చెప్పాలి, పైగా గంటసేపు మూడో వంతు పవర్‌తో వేడెక్కించాకే కొలవాలి. అయినా ఓమ్స్, డిస్టార్షన్ ఎంచుకునే వీలు కంపెనీలకే వదిలేయడంతో తమరు సందులు వెతుక్కున్నారు. చివరికి 2024లో, ఇంట్లో వాడేవాటికి 8 ఓమ్స్, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, 1 శాతం లోపు డిస్టార్షన్ అని గీత గీయాల్సి వచ్చింది. యాభై ఏళ్ళొచ్చినా తమరికి కాపలా తప్పలేదు.

సరే, ఇప్పుడు బుద్ధిమంతులయ్యారనే అనుకుందాం. 50 వాట్ల యాంప్లిఫయర్ తీసేసి 100 వాట్లది పెడితే ఏమవుతుంది? 3 డెసిబెల్స్ పెరుగుతుంది. సోఫాలో ఉన్న మనిషి "కొంచెం పెరిగినట్టుందే" అంటాడు, అంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే 500 వాట్లు కావాలి. అదే 87 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎంత మోగుతుందనేది) ఉన్న స్పీకర్ బదులు 90ది పెట్టుకుంటే ఆ 3 డెసిబెల్స్ ఊరికే వస్తాయి. ఈ ముక్క తమరి బ్రోషర్‌లో ఎక్కడా కనపడలేదు.

మా స్పీకర్లు 87 రకం. తొమ్మిదడుగుల దూరంలో కూర్చుని మామూలు సౌండుతో వింటే ఒక్క వాట్ కూడా పూర్తిగా ఖర్చవదు. మిగతా తొంభై తొమ్మిదీ చేతులు కట్టుకుని నిలబడతాయి.

అలాగని తమరిని పూర్తిగా తీసిపారేయను. కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనంలో దాని మీద గట్టి దెబ్బ ఒకటి పడిందంటే సగటు కంటే 20 డెసిబెల్స్ పైకి లేవొచ్చు. అంటే వందరెట్లు. ఆ క్షణానికి ఒక వాట్ కాస్తా వంద కావాలి, లేకపోతే క్లిప్పింగే, అంటే శబ్ద తరంగం నెత్తి తెగిపోవడమే. మృదంగం చాపు దెబ్బ మోగాల్సిన చోట రేకు డబ్బా మోగుతుంది. ఆ క్షణం కోసమే తమరితో ఇంత బేరం.

అక్కడా తమరు ఒంటరిగా చేసేదేం లేదు. స్పీకర్ మీద 8 ఓమ్స్ అని రాసి ఉన్నా కొన్ని స్వరాల దగ్గర అది 4కి, ఒక్కోసారి ఇంకా కిందికి జారుతుంది. జారినకొద్దీ ఎక్కువ కరెంటు అడుగుతుంది. పవర్ సప్లై గట్టిదైతే 8 ఓమ్స్‌లో 100 ఇచ్చేది 4లో 200 దరిదాపులకు పోతుంది. లేకపోతే 120 దగ్గరే చతికిలబడుతుంది. డెబ్బైల చివర్లో వచ్చిన న్యాడ్ 3020 యాంప్లిఫయర్ ఛానెల్‌కి 20 వాట్లేనని రాసుకుని, కష్టమైన స్పీకర్లని కూడా లాగి పేరు తెచ్చుకుంది. వీలైతే ఒకసారి కలిసి మాట్లాడండి.

షోరూముల్లో తమరికి నమ్మిన బంటు వాల్యూమ్ నాబ్. రెండు యాంప్లిఫయర్లు ఒకే గీత మీద పెట్టి వినిపిస్తారు. గెయిన్ (సిగ్నల్‌ని పెంచే పాళ్ళు) ఎక్కువున్నది కాస్త గట్టిగా మోగుతుంది. ఒక్క డెసిబెల్ తేడా ఉంటే చెవికి 'సౌండు పెరిగింది' అని తోచదు, 'ఇదే బాగుంది' అని తోస్తుంది. మల్టీమీటర్ పెట్టి రెండూ ఒకే వోల్టేజీకి సరిచేసి వినిపించమని అడిగితే, "సార్, మ్యూజిక్‌ని మీటర్లతో కాదు, మనసుతో వినాలి" అన్నాడు ఒకాయన. ధర మాత్రం కాలిక్యులేటర్ తీసి చెప్పాడు. ఇంకొకాయన బరువు చూసి కొనమన్నాడు. తక్కువ వేడితో పనిచేసే క్లాస్-డి బోర్డులు అరచేతిలో పట్టేంత ఉండి వందల వాట్లు ఇస్తున్నాయి కాబట్టి ఆయన సలహా పాత సామాన్ల వాడికి పనికొస్తుంది. ఎప్పుడూ వేడెక్కుతూ ఉండే క్లాస్-ఏ పెట్టుకోమన్నాయన హైదరాబాదు మే నెల ఎప్పుడూ చూసినట్టు లేదు.

అన్నట్టు, మా హాల్లో కింద విట్రిఫైడ్ టైల్స్, పైన ఫాల్స్ సీలింగ్, ఓ పక్క గాజు తలుపు. చప్పట్లు కొడితే గదంతా ట్రింగుమంటుంది. తమరు 50 అయినా 500 అయినా ఆ ట్రింగు పోదు. "యాంప్లిఫయర్ ధరలో పదోవంతు డబ్బుతో మందపాటి తివాచీ, కర్టెన్లు వేయిస్తే సరి కదండీ" అంటోంది మా ఆవిడ. ఇంత పనికొచ్చే మాట ఏ షోరూములోనూ వినలేదు. తివాచీకి ఆర్డరిచ్చేశాం.

ఆ తర్వాత కూడా తమరు మా ఇంటికి రావాలనుకుంటే, ఎన్ని ఓమ్స్, రెండు ఛానెళ్ళూ నడిచినప్పుడా ఒక్కటేనా, డిస్టార్షన్ ఎంత, వీళ్ళందరినీ వెంటబెట్టుకుని రండి. కాఫీ ఇస్తాం. పీఎంపీఓ గారొస్తే వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపుతాడు, చెప్పి ఉంచాను.

ఇట్లు,
87 డెసిబెల్స్ స్పీకర్ల యజమాని

తా.క.: ముందు ప్యానెల్ మీద ఆ నీలం లైటు ఎన్ని వాట్లో కూడా రాయించండి. స్పీకర్ల సంగతేమో గానీ, దాని పవర్ మీద మాకెప్పుడూ అనుమానం లేదు. ఇన్సులేషన్ టేపు సిద్ధంగా ఉంది.